నాయనమ్మ చీర, నేరేడు రంగు గోడ: మా పాప ఇంటీరియర్ డిజైన్ చదవొచ్చా?

కావలి నుంచి ఒక తల్లి రాశారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి కానీ ధ్యాసంతా బట్టల మీదే. మొన్న మా ఆడపడుచు కొడుకు పెళ్ళికి అందరూ పట్టుచీరలు కట్టుకుంటే ఇది వాళ్ళ నాయనమ్మ పాత నల్ల వెంకటగిరి చీర తీసి, చిలకపచ్చ జాకెట్ వేసుకుని, కాళ్ళకి తెల్ల బూట్లు తొడుక్కుని వచ్చింది. పెళ్ళిలో నలుపేంటని బంధువులు ఒకటే మాటలు. దసరా సెలవుల్లో తన గదిలో ఒక గోడకి నేరేడు పండు రంగు వేయించింది, కిటికీకి నా పాత చీర కర్టెన్‌గా కట్టింది. ఇప్పుడు ఇంటీరియర్ డిజైన్ చదువుతానంటోంది. వాళ్ళ నాన్న ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట వినడం లేదు. ఇది రీల్స్ చూసి పట్టిన పిచ్చా, అన్నం పెట్టే చదువేనా? రెండు ఫొటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి."

అమ్మా, ఫొటోలు చూశాను. పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు సగం వాటిలోనే ఉంది.

పెళ్ళి ఫొటోలో నల్ల చీర ఒళ్ళంతా ఉంది, సన్నటి జరీ అంచు అక్కడక్కడ మెరుస్తోంది, చిలకపచ్చ జాకెట్‌లో ఉంది, మళ్ళీ ఒకే ఒక్క చోట, ఎడమ చేతి మట్టిగాజుల్లో కనిపిస్తోంది. ఇంకెక్కడా ఆ రంగు లేదు. ఇప్పుడు గది ఫొటో చూడండి. నేరేడు రంగు గోడ, మిగతా మూడూ తెల్లగా వదిలేసింది, మంచం పాత టేకు రంగు, ఒక మూల చిన్న స్టూలుకి మాత్రం చిలకపచ్చ పెయింట్, మంచం మీద దిండు గలీబుకి అదే పచ్చ పైపింగ్. ఒక రంగు ఎక్కువ, ఇంకో రంగు కొంచెం, మూడోది చిటికెడు, ఆ చిటికెడు రంగు రెండు చోట్ల పలకాలి. డిజైన్ క్లాసుల్లో దీన్ని అరవై, ముప్పై, పది అని చెబుతారు, గోడలూ నేలా అరవై, సామాన్లు ముప్పై, కుషన్లూ దీపాలూ పది. మీ పాపకి ఎవరూ చెప్పలేదు కదా, రెండుసార్లూ తనే ఆ లెక్కకి వచ్చింది, ఒకసారి ఒంటి మీద, ఒకసారి గదిలో. రీల్స్ చూసి అచ్చు దించినదైతే ఇలా రాదు. బంధువులు నలుపుని చూశారు, నేను గాజుల్ని చూశాను.

అందుకే మొదటి మాట, దాని బట్టల పిచ్చిని తిట్టకండి. బట్టల్లో ధైర్యం చేసేవాళ్ళు రంగుకి పక్కన ఏ రంగు పెట్టాలో, మెరిసేదాని పక్కన ఎంత మసక గుడ్డ ఉండాలో రోజూ అద్దం ముందు ఉచితంగా ప్రాక్టీస్ చేస్తున్నట్టే. న్యూయార్క్‌లో ఐరిస్ ఆప్‌ఫెల్ అని ఒక పెద్దావిడ ఉండేవారు, 2024లో 102 ఏళ్ళ వయసులో పోయారు. పెద్ద గుండ్రటి కళ్ళజోడు, మోచేతుల దాకా గాజులు, ఒకదాని మీద ఒకటి హారాలు, సంత బట్టలూ ఖరీదైన బట్టలూ కలిపి వేసేవారు. లోకం ఆవిణ్ణి ఫ్యాషన్ మనిషిగానే గుర్తుపెట్టుకుంది, కానీ ఆవిడకి అన్నం పెట్టింది ఇంటి పని. 1950లో భర్తతో కలిసి ఇళ్ళకు కావలసిన బట్టలు నేయించే కంపెనీ పెట్టారు, అమెరికా వైట్‌హౌస్ గదుల్ని పాత పద్ధతిలో బాగుచేసే పనుల్లో తొమ్మిది మంది అధ్యక్షుల కాలంలో పాలుపంచుకున్నారు. ఆవిడ బట్టలు, నగలతో పెద్ద మ్యూజియంలో ప్రదర్శన పెట్టింది 2005లో, అప్పటికి ఎనభై దాటాయి. ఆ బట్టలూ ఆ గదులూ ఒకే కన్ను చేసిన పనులని అర్థం చేసుకోవాలి.

ఇంకొకటి చెప్తాను, ఇది మన ఒడ్డుకి సంబంధించింది. ప్యారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ తన అపార్ట్‌మెంట్ గోడల వెంట నల్ల లక్క పూసి బంగారు బొమ్మలు చెక్కిన చైనా మడత తెరలు నిలబెట్టుకుంది. ఆ తెరల పేరు కోరమాండల్ తెరలు. చైనాలో తయారై మన తూర్పు తీరం రేవుల మీదుగా యూరప్ చేరేవి కాబట్టి ఆ పేరు పడింది, కోరమాండల్ అంటే మన నెల్లూరు సముద్రం కూడా ఉన్న తీరమే. ఆవిడ బట్టల్లో ఏ నలుపు, ఏ లేత గోధుమ, ఏ బంగారం ఉండేవో ఇంట్లోనూ అవే.

అంత దూరం ఎందుకు, చీమకుర్తి చూడండి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటే నల్లరాతి మీద బంగారు చుక్కలే కదా, రాతిలో ఉండే బ్రోంజైట్ అనే ఖనిజం వల్ల ఆ మెరుపు. మీ అత్తగారి నల్ల చీర మీద జరీ బుటాలకీ దానికీ తేడా ఏముంది చెప్పండి. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఆ రాయి కొనుక్కెళ్ళి వంటింటి గట్లకి వేసుకుంటున్నారు, మనం పెళ్ళిలో నలుపు వద్దంటున్నాం. పెళ్ళి ఆచారం వేరు, దాన్ని నేను కాదనను, కానీ ఆ పిల్ల కంటికి నలుపు మీద మెరుపు అందంగా తోచడం తప్పు కాదు. మార్కాపురం పలకరాయి, ఉదయగిరి చెక్క గరిటెలు చేసే చేతులు, ఒకప్పుడు మన నెల్లూరు జిల్లాలోదే అయిన వెంకటగిరి జాందానీ, 2022లో బాపట్ల జిల్లాకి వెళ్ళిన చీరాల నేత, ఇవన్నీ మీ ఇంటి నుంచి బస్సు దూరంలో ఉన్నాయి. డిజైన్ చదివే పిల్లకి ఇంతకంటే పెద్ద ఆస్తి ఏముంటుంది? ఆదివారాలు వెళ్ళి చూడమనండి, ఫోన్‌లో చూసినది వేలికి తగలదు.

ఇక రెండో మాట. ఇది కొంచెం కటువుగా ఉంటుంది, పాపకి కూడా చదివి వినిపించండి.

ఆ గది ఫొటోలో బీరువా తలుపు సగమే తెరుచుకుంది. మంచం అంచు అడ్డం వస్తోంది. గోడ రంగు కనిపించాలని మంచాన్ని ఇటు జరిపింది, తలుపు ఎంత దూరం తిరుగుతుందో టేపు పెట్టి కొలవలేదు. కిటికీకి కట్టిన మీ చీర పట్టుచీర, దాని మీద సాయంత్రం ఎండ నేరుగా పడుతోంది, అంటే పడమటి కిటికీ. మన ఎండలకి ఒక్క వేసవిలో ఆ రంగు వెలిసిపోతుంది, పట్టు చిరుగుపడుతుంది. నూలు చీర అయి ఉంటే, వెనక ఒక లైనింగ్ కుట్టి ఉంటే సరిపోయేది. ఒంటి మీద బట్ట రాత్రికి విప్పేస్తాం, నచ్చకపోతే మళ్ళీ కట్టం, గోడా కబోర్డూ మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి, వాటితో రోజూ కాపురం చెయ్యాలి. ఫ్యాషన్‌కీ ఇంటీరియర్‌కీ మధ్య ఉన్న దూరం ఇదే, కాలేజీలో నాలుగేళ్ళు నేర్పేదీ ఎక్కువ భాగం ఇదే. కొలతలు, వెలుతురు, గాలి, కరెంటు పాయింట్లు, సామాను ఎంతకాలం నిలుస్తుంది అనే లెక్క.

మా ఇంట్లో టీవీ యూనిట్ చేయించినప్పుడు ఒకాయన పైకి అందంగా మైకా అంటించి లోపల చెక్క పొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు వాడాడు, రెండో వానాకాలానికి కింద పలక ఉబ్బి మైకా లేచిపోయింది. అప్పటి నుంచి ఎవరింటికి వెళ్ళినా కబోర్డు బయటి రంగు కన్నా లోపలి అంచు ముందు చూస్తాను. ఆ అంటించే షీటులో అభ్రకం ఉండదు, మనం అలవాటుగా మైకా అంటాం, అసలు మైకా మన గూడూరు, సైదాపురం గనుల్లో దొరికింది. ఇలాంటి విషయాలు మీ పాపకి ఆసక్తిగా అనిపించాలి. బోర్ అనిపిస్తే ఈ చదువు వద్దు, దానికి టెక్స్‌టైల్ డిజైనో ఫ్యాషనో మేలు.

ఇంకా ముఖ్యమైనది, ఇల్లు తనది కాదు, ఇంకొకరిది. ఒంగోలులో రిటైరైన టీచరమ్మ వచ్చి లేత రంగులు కావాలి, మోకాళ్ళ నొప్పి, సోఫా ఎత్తుగా ఉండాలి, దేవుడి గది ఈశాన్యంలోనే ఉండాలి అంటే, నేరేడు రంగు ఇష్టమున్న డిజైనర్ తన ఇష్టాన్ని పక్కన పెట్టి ఆవిడకి నచ్చేలా చెయ్యాలి. బట్టల్లో ధైర్యం ఉన్నవాళ్ళకి ఇక్కడే కష్టం వస్తుంది. అయితే ఒక లాభం కూడా ఉంది. ఆ టీచరమ్మ కట్టుకున్న చీర చూసి ఆమెకి ఏం కావాలో చెప్పేయొచ్చు. గంజి పెట్టిన నూలు చీర, సన్నంచు, ఒక్క రవ్వ కూడా మెరవని నగలు, ఆవిడ ఇంట్లో ఫాల్స్ సీలింగ్ నిండా రంగు లైట్లు పెడితే వారం కూడా భరించలేదు. మనిషి కట్టు నుంచి ఇంటి తీరుని చదవడం, బట్టలంటే ప్రాణం ఉన్న పిల్లకి మాత్రమే త్వరగా వస్తుంది. నాకు మీ పాప మీద ఆశ ఇక్కడే.

మీకు తెలియకుండానే మీరూ దానికి ఒక పాఠం నేర్పి ఉంటారు. కొట్లో చీర నచ్చాక గుమ్మం దాకా తీసుకొచ్చి ఎండలో పట్టి చూస్తాం కదా, ట్యూబులైటు కింద ఒక రంగు, బయట ఒక రంగు కాబట్టి. గోడ పెయింటుకీ అంతే, షేడ్ కార్డులో వేలెడు ముక్క చూసి డబ్బా కొనేస్తారు, గోడకి వేశాక అది వేరే రంగైపోయిందని పెయింటర్ని తిడతారు. రెండడుగుల చదరం వేసి పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు వేసి చూడాలి. అదే చీర బుద్ధి.

ఇప్పుడు చదువుల సంగతి, వాళ్ళ నాన్నగారు కూడా పక్కన కూర్చుంటే మంచిది. ఎంపీసీ కాబట్టి తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఆయన మనసు కొంచెం కుదుటపడేది బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ. ఐదేళ్ళు, లెక్కలు కావాలి, ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2 గానీ రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ సీటు పేపర్ 2తోనే. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన వాళ్ళే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోగలరు, ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకి అలాంటి రక్షణ లేదు, ఆరు నెలల కోర్సు చేసినవాళ్ళూ అదే బోర్డు పెట్టుకుంటారు. ఆర్కిటెక్ట్ ఇంటీరియర్ పని కూడా చేసుకోవచ్చు. నేరుగా డిజైన్ కావాలంటే నాలుగేళ్ళ బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ఉంది, మన రాష్ట్రం ఎన్ఐడీలో టెక్స్‌టైల్ వైపు ఉంది. ఫ్యాషన్ చదువుల కేంద్ర సంస్థ నిఫ్ట్‌లో కొన్ని క్యాంపస్‌లలో ఫ్యాషన్ ఇంటీరియర్స్ అనే కోర్సే ఉంది, మీ పాప కోసమే పెట్టినట్టుంది ఆ పేరు. ఐఐటీల్లో బీడెస్‌కి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష, ఏ గ్రూపు వాళ్ళైనా రాయొచ్చు, బొమ్మ గీసే ప్రశ్న కూడా ఉంటుంది, అయితే అక్కడ చెప్పేది ఇంటీరియర్ ఒక్కటే కాదు, డిజైన్ మొత్తం. వీటిలో చాలా పరీక్షలకి ఇంటర్ పరీక్షల కంటే ముందే అప్లికేషన్లు అయిపోతాయి కాబట్టి ఫలితాల దాకా ఆగుదామనుకోకండి, వెబ్‌సైట్లు ఈ వారమే చూడండి. ప్రైవేటు కాలేజీ అయితే ఫీజు నాలుగేళ్ళకీ కలిపి కాగితం మీద రాయించుకోండి, మెటీరియల్ ఖర్చు, మోడల్స్ చేసే ఖర్చు విడిగా అడగండి, చివరేడు పిల్లల్ని కలిసి ఏం చేస్తున్నారో చూడండి. బ్రోచర్‌లో ఫొటోల్ని నమ్మొద్దు.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్తాను. మొదటి రెండు మూడేళ్ళు జీతం తక్కువ, ఇంజినీరింగ్ స్నేహితులతో పోలిస్తే బాధగానే ఉంటుంది. ఎండలో సైట్లకి తిరగాలి, పుట్టీ దుమ్ము మింగాలి, తన తండ్రి వయసున్న వడ్రంగి మేస్త్రికి గౌరవంగానే తప్పు చూపించాలి, కొటేషన్‌లో కొలత ఒక్క అడుగు తేడా వచ్చినా తనే సమాధానం చెప్పాలి. తెల్ల బూట్లు అక్కడ పనికిరావు. కానీ నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి ఊళ్ళలో అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, వాటిలో చాలా ఇళ్ళు ఒకే క్యాటలాగ్ లోంచి దించినట్టు ఉంటున్నాయి, అదే తెల్ల సోఫా, అదే గోధుమ రంగు కబోర్డు. ఇక్కడి రాయి, ఇక్కడి నేత, ఇక్కడి ఎండ తెలిసి, ఆ ఇంటి మనుషుల్ని చూసి పనిచేసే పిల్లకి ఇక్కడే పని దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

నిర్ణయం తీసుకునే ముందు ఒక పని చేయించండి. మీ అత్తగారి గదిని పాపకి అప్పగించండి. పదివేలు చేతికివ్వండి, రూపాయి కూడా ఎక్కువ వద్దు. ముందు ఒక గంట ఆవిడతో కూర్చుని ఏం ఇబ్బందో అడిగి నోట్‌బుక్‌లో రాయాలి, రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు స్విచ్ ఎక్కడ వెతుక్కుంటుంది, మందులు ఎక్కడ పెట్టుకుంటుంది, ఏ చీరలు ఇష్టం, ఏ రంగు చూస్తే చిరాకు. గది కొలతలు గీయాలి, బిల్లులు అంటించాలి. నేరేడు రంగు, చిలకపచ్చ ఆ గదిలో వాడకూడదు, నాయనమ్మ అడిగితే తప్ప. నెల రోజులు గడువు. అది చేస్తూ విసుక్కుంటుందా, తిండి మరిచిపోయి చేస్తుందా అన్నది మీకూ వాళ్ళ నాన్నగారికీ కళ్ళ ముందే తెలుస్తుంది, ఆయనకి నా మాటల కన్నా వాళ్ళమ్మ మాట ఎక్కువ పనిచేస్తుంది కూడా.

అయ్యాక నోట్‌బుక్ పేజీలు, ఫొటోలు నాకు పంపండి, ఏ కోర్సుకి అప్లై చెయ్యాలో అవి చూసి కచ్చితంగా చెప్తాను. నాయనమ్మ గది ఫొటో తీసేటప్పుడు మాత్రం బీరువా తలుపు పూర్తిగా తెరిచి తీయమనండి.