రుమాలుకు అంటిన కుంకుమ

ప్రశ్న:

"నమస్కారం మేడమ్. నా వయసు 66. నెల్లూరులో కొడుకు, కోడలితో ఉంటున్నాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఇరవై ఏళ్ళ వయసులోనే దేవుడు లేడన్న నిర్ణయానికి వచ్చాను. మాది దండల పెళ్ళి. నా భార్యకు మాత్రం జొన్నవాడ కామాక్షమ్మ అంటే ప్రాణం. వీలున్న ప్రతి శుక్రవారం బండి మీద తీసుకెళ్ళి దించేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్తే నేను పెన్న ఒడ్డున చెట్టు కింద పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళు అలాగే గడిచింది. అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో ఇద్దరం పల్లెల్లో రాత్రి బడులు నడిపాం. 1992లో సారా కొట్టు ముందు ఊరి ఆడవాళ్ళతో పాటు ఆమె కూడా బైఠాయించింది. రెండేళ్ళ క్రితం క్యాన్సర్‌తో పోయింది.

ఐదు నెలల క్రితం ఒక శుక్రవారం ఎందుకో జొన్నవాడ వెళ్ళి అదే చెట్టు కింద కూర్చున్నాను. మూడో వారం లోపలికి వెళ్ళాను. ఇప్పుడు వారం తప్పడం లేదు. దండం పెడితే కళ్ళు తడుస్తాయి. బయటికి రాగానే నుదుటి కుంకుమ రుమాలుతో తుడిచేసుకుని ఇంటికొస్తాను. పోయిన నెల పాత మిత్రుడొకరు గుడి దగ్గర చూసి 'నువ్వు కూడానా?' అన్నాడు. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. మా అబ్బాయి 'ఏంది నాయనా, మమ్మల్ని ఎప్పుడన్నా పోనిచ్చావా? ఇప్పుడు నువ్వు పోతున్నావే' అని నవ్వాడు. బంధువొకాయన, ఆమె ధనిష్ఠా పంచకమనే చెడ్డ నక్షత్రాల్లో పోయింది, అప్పుడు ఇల్లు విడవలేదు, ఇప్పుడైనా శాంతి చేయించు, అరవై వేలవుతుంది అంటున్నాడు.

ఇది భక్తా, చావు భయమా, ఆమె మీద బెంగా? నలభై ఏళ్ళు పిల్లలకు చెప్పిందంతా అబద్ధమేనా? ఇంకొకటి. మొన్న అర్చనకు నిలబడితే పూజారి గోత్రం అడిగారు. నాకు తెలియదు. తల వంచుకుని వచ్చేశాను." (పేరు రాయొద్దన్నారు, నెల్లూరు)

జవాబు:

మాస్టారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ రుమాలు దగ్గరే ఆగిపోయాను.

కుంకుమ మరక ఒక్క ఉతుకుకు పోదు. తెల్ల రుమాలైతే మడత లోపల ఎర్రగా చార ఉండిపోతుంది, సబ్బు పెట్టి రుద్దితే గులాబీ రంగుకు దిగుతుంది కానీ పూర్తిగా వదలదు. ఐదు నెలలుగా వారానికొకసారి ఆ రుమాలు మీ ఇంట్లో ఎవరో ఉతుకుతున్నారు. అది మీ కోడలే అయితే, ఆ అమ్మాయికి మీ అబ్బాయి కంటే ముందే సంగతి తెలిసి ఉంటుంది. తెలిసీ ఒక్క మాట అనలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన దాన్ని మీరొక్కరే ఇంకా తుడుస్తున్నారు. ముందు ఆ పని ఆపండి. నుదుటి మీద కుంకుమ ఉంటే ఉండనివ్వండి, చెమటకు దానంతటదే పోతుంది.

ఇక భక్తా, భయమా, బెంగా అని అడిగారు. సైన్సు మాస్టారు గనక మూడింటినీ వేరు చేసి చూడాలనిపించడం సహజమే. కానీ నేను ఇన్నేళ్ళుగా ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్న పెద్దవాళ్ళలో ఎవరికీ అవి విడివిడిగా రాలేదు. భయం సంగతి మాత్రం తేలిగ్గానే చెప్పగలను. చావు గురించిన ఆందోళన నడివయసులో ఎక్కువగా ఉండి, వయసు మళ్ళాక తగ్గడమే మామూలు. మీ ఉత్తరంలో మీ చావు గురించి ఒక్క వాక్యం లేదు. ఉన్నదంతా ఆవిడ గురించే. కాబట్టి భయం అన్నది మీ మాట కాదు, ఎవరో అన్న మాట మీరు పట్టుకున్నారు.

బెంగ అయితే ఉంది. ఉండదా మరి? ముప్పై నాలుగేళ్ళు బండి వెనక కూర్చున్న మనిషి. శుక్రవారం వస్తే మీ చేతులు వాటంతటవే బండి తాళాల వైపు వెళ్ళి ఉంటాయి. ఆమె లోపలికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు, మీరు చెట్టు కింద రెండు వారాలు చూశారు, మూడో వారం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళారు. నాకు అర్థమైంది ఇది. ఆమెను వెతుక్కుంటూ వెళ్ళిన చోట మీకు ఇంకేదో కూడా దొరికింది, అందుకే కళ్ళు తడుస్తున్నాయి. బెంగతో మొదలైంది గనక అది భక్తి కాదనుకోకండి. జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో కొడిముద్దల ప్రసాదం కోసం కొంగు పట్టే ఆడవాళ్ళు బిడ్డల్లేని బెంగతోనే వస్తారు. మన ఊళ్ళో మొహర్రం నెలలో రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె మార్చుకునేవాళ్ళు ఏదో ఒక లోటుతోనే దిగుతారు. హిందువులు, ముస్లిములు, ఎవరైనా సరే, నీకు ఏ మాత్రం నమ్మకం ఉందో చూపించి దిగమని అక్కడెవరూ అడగరు.

స్వీడన్‌కు చెందిన లార్స్ టోర్న్‌స్టామ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1980ల చివర్లో ముసలితనం గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వయసు పెరిగేకొద్దీ కొందరిలో చూపే మారుతుందని, వస్తువుల మీద, వాదనల మీద ఆసక్తి తగ్గి, పోయిన తరాలతో, ఈ సృష్టితో తనకేదో ముడి ఉందన్న భావన బలపడుతుందని, ఒంటరిగా కూర్చోవడం ఇష్టమవుతుందని ఆయన అన్నారు. దాన్ని ఆయన మెదడు మందగించడం అనలేదు, ఎదుగుదల అన్నారు. మీకు ఇది గుడి రూపంలో వచ్చింది. కొందరికి తోట రూపంలో వస్తుంది. మీ మిత్రుడికి ఎలా వస్తుందో ఆయనకే తెలియాలి.

నలభై ఏళ్ళు చెప్పిందంతా అబద్ధమా అన్నారు. మాస్టారూ, దీనికి జవాబు మీ ఇంట్లోనే ముప్పై నాలుగేళ్ళు తిరిగింది. శుక్రవారం కామాక్షమ్మకు కుంకుమార్చన చేయించిన చేత్తోనే ఆవిడ రాత్రి బడిలో పలక పట్టించారు. సారా కొట్టు ముందు బైఠాయించారు. సారా మీద పోరు మొదలైన దూబగుంట గాలి జిల్లా అంతా పాకి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే ఆవిడలాంటి వాళ్ళు వేల మంది కూర్చున్నారు గనకే. వాళ్ళలో గుడికి వెళ్ళేవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు, దర్గాలో తాయెత్తు కట్టించుకునేవాళ్ళు అందరూ ఉన్నారు. ఆ నమ్మకం వాళ్ళ కాళ్ళకు అడ్డం పడలేదు. మీరు పిల్లలకు గ్రహణం ఎందుకు పడుతుందో చెప్పారు, పాము పగబట్టదని చెప్పారు, కులం పుట్టుకతో వచ్చే గొప్ప కాదని చెప్పారు. అవన్నీ నిజాలే. రేపు మళ్ళీ పాఠం చెప్పాల్సి వస్తే అవే చెప్పండి. గుడిలోకి వెళ్ళినంత మాత్రాన వాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోనక్కర్లేదు.

మీరు ఎవరికైనా బదులు చెప్పుకోవాల్సి ఉంటే అది సిద్ధాంతానికి కాదు, మీ మిత్రుడికీ కాదు. మీ అబ్బాయికి.

ఆ అబ్బాయి మాట మీరు ఎగతాళిగా తీసుకున్నారు. నాకు అలా వినపడలేదు. "మమ్మల్ని ఎప్పుడన్నా పోనిచ్చావా?" అన్న దాంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు. వైశాఖంలో తిరునాళ్ళకు అమ్మ ముస్తాబై బయల్దేరుతుంటే, తోటి పిల్లలంతా బూరలు, బొమ్మలు కొనుక్కుంటుంటే, నాన్న వద్దన్నాడని చెట్టు కింద మీ పక్కనే కూర్చున్న పిల్లాడు. అమ్మ లోపల ఏం చేస్తుందో వాడు చూడలేదు. ఇప్పుడు అమ్మ లేదు. వద్దన్న మనిషే లోపలికి వెళ్తున్నాడు. ఆ నవ్వు వెనక కోపం ఉంటే ఉండనివ్వండి, అది న్యాయమైన కోపం. "నేను నమ్మకపోవడం నా ఇష్టం, నిన్ను మీ అమ్మతో పోనివ్వకపోవడం మాత్రం నా తప్పురా" అని ఒక్కసారి అనండి. దానికి ముందూ వెనకా ఉపన్యాసం వద్దు. అప్పటి రోజులు అలాంటివి అని సర్దిచెప్పొద్దు.

ఈ విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. మా నాన్నది ఒంగోలు. తరాలుగా బాప్టిస్టు కుటుంబం. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, అందులో మన పెద్దలున్నారని మా నాయనమ్మ చెప్పేది. నా తమ్ముడు ఎనిమిదేళ్ళకు జ్వరంతో పోయాక నాన్న చర్చి గడప తొక్కలేదు. అమ్మ ఒక్కతే మమ్మల్ని తీసుకెళ్ళేది. ముప్పై ఏళ్ళు దాటాక, ఆయనకు 71 నడుస్తుండగా, ఒక పొద్దున పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటూ సన్నగా ఒక కీర్తన అందుకున్నారు. సగం చెంపకు సబ్బు నురగ అలాగే ఉంది. నేను కాఫీ తెచ్చి, "ఇప్పుడు గుర్తొచ్చాడా దేవుడు?" అన్నాను. అమ్మ ఒక్కతే పడ్డ కష్టమంతా నా నోట్లోంచి ఆ మాటగా వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. రెండో చెంప గీసుకుని, మొహం కడుక్కుని లోపలికి వెళ్ళారు. ఆ తర్వాత నేను ఇంట్లో ఉండగా ఎప్పుడూ పాడలేదు. నాలుగేళ్ళకు పోయారు. నేను లేనప్పుడు పాడేవారట, పక్కింటావిడ చెప్పింది. ఆ కీర్తన చివరిదాకా నేను వినలేదు.

అందుకే మీ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు, భయం వేసింది. మీరిద్దరూ మాట్లాడుకోండి. ఒక శుక్రవారం తనను రమ్మనండి. లోపలికి రావాలన్న పట్టు వద్దు. కావాలంటే ఆ చెట్టు కిందే కూర్చుంటాడు. మీరు ఎన్నేళ్ళు కూర్చోలేదు?

మిత్రుడి విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. "అవును, నేను కూడా" అనండి చాలు. నిజంగా మిత్రుడైతే ఆ మాట తర్వాత కూడా టీ తాగడానికి వస్తాడు.

శాంతి సంగతి. ఒక్క రూపాయి ఇవ్వకండి. ధనిష్ఠా పంచకం పట్టింపు మన ఇళ్ళలో ఉన్నదే, నిష్ఠగా పాటించేవాళ్ళను నేను తప్పు పట్టను. కానీ దాన్ని నమ్మేవాళ్ళు కూడా ఇల్లు విడిచేది కొన్ని నెలల పాటే. రెండేళ్ళు గడిచాక ఇప్పుడొచ్చి లెక్క తీస్తున్నారంటే మీ మెత్తదనం చూసి తీస్తున్నారు. ఆవిడ పోయిన నక్షత్రాన్ని చూపించి మిమ్మల్ని భయపెట్టడం నాకు బొత్తిగా నచ్చలేదు. కొత్తగా దేవుడి వైపు తిరిగిన పెద్దవాళ్ళ చుట్టూ ఇలాంటివాళ్ళు చేరడం ఎన్నోసార్లు చూశాను. ఆవిడ పేరున ఏదైనా చేయాలనిపిస్తే ఆవిడ పోయిన రోజున అన్నదానానికి మీకు తోచింది ఇవ్వండి, లేదా పాత రాత్రి బడి ఊళ్ళో పిల్లలకు పుస్తకాలు కొనివ్వండి.

ఇంకో మాట అడగాలి, తప్పుగా అనుకోవద్దు. నిద్ర పట్టనిది ఆ నాలుగు రోజులేనా, తర్వాత కూడానా? అన్నం సయిస్తోందా? శుక్రవారం తప్ప మిగతా ఆరు రోజులు ఎలా గడుస్తున్నాయి? ఏ పని మీదా మనసు పోకపోయినా, ఆవిడ దగ్గరికి వెళ్ళిపోవాలన్న ఆలోచన వచ్చినా, గుడి ఒక్కటే చాలదు. మానసిక వైద్యుణ్ణి కలవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రంలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకుంటుంటే ఉపవాసాల పేరుతో వాటిని మానొద్దు.

చివరికి గోత్రం. మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. పేరు ఒక్కటే చెప్పినా అర్చన చేస్తారు. గోత్రం తెలియనివాళ్ళు కాశ్యప గోత్రం చెప్పుకునే ఆనవాయితీ కూడా ఉంది. జొన్నవాడ స్థలపురాణం ప్రకారం కశ్యపుడు యజ్ఞం చేసిన చోటే అది, యజ్ఞవాటికే జొన్నవాడ అయిందంటారు. గోత్రం చెప్పడం మీ మనసుకు ఒప్పకపోతే మానేయండి, అదీ తప్పు కాదు.

కానీ నాకు ఒకటి తోస్తోంది. ముప్పై నాలుగేళ్ళు ఆవిడ లోపల అర్చన చేయించింది ఎవరి పేరు మీద అనుకుంటున్నారు? బయట పేపరు చదువుకుంటున్న మనిషి పేరు మీదే అయి ఉంటుంది. పూజారి గోత్రం అడిగినప్పుడల్లా ఆవిడ ఏదో ఒకటి చెప్పి ఉంటారు, అత్తగారిని అడిగి తెలుసుకునో, లేక ఇలాగే కాశ్యప అనో. మీ కోడలు ఆవిడతో ఎప్పుడైనా వెళ్ళి పక్కన నిలబడి ఉంటే విని ఉంటుంది. ఈ శుక్రవారం బయల్దేరే ముందు ఆ అమ్మాయిని అడగండి, "మీ అత్తయ్య గుళ్ళో నా గోత్రం ఏమని చెప్పేదమ్మా?" అని.