బుష్షులు అసలు మార్చలేదా, మార్చి తప్పుగా బిగించాడా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం): మాది రాజమండ్రి. నాన్నగారి 1988 అంబాసిడర్, మార్క్ 4, ఇంట్లో ఉంది. నాన్నగారు 2022లో పోయారు, అమ్మ ఇప్పటికీ గుడికి ఆ బండిలోనే వెళ్తానంటుంది. గుంత వస్తే వెనక కటకటమని శబ్దం, మలుపులో వెనక భాగం ఊగేది. 2024 మార్చి 9న విజయవాడలో పాత బండ్లు చేసే ఒక మెకానిక్ కి ఇచ్చాం. వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) చివర్లలో ఉండే రబ్బరు బుష్షులు, కట్టని బండికి తగిలించే షాకిల్ బుష్షులు అన్నీ కొత్తవి వేస్తానని 18,500 తీసుకున్నాడు, అందులో పదివేలు యూపీఐలో, మిగతాది చేతికి. మార్చి 16న బండి ఇచ్చాడు, బిల్లు ఇవ్వలేదు. నాలుగు నెలలకే మళ్ళీ అదే శబ్దం. మూడుసార్లు తీసుకెళ్ళా, చూస్తా చూస్తా అని నవంబర్ నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. 2025 డిసెంబర్ లో మా ఊరి మెకానిక్ ఎడమ వైపు విప్పితే బుష్షు ముక్కలుగా రాలింది. "ఇవి మార్చనే లేదు, మార్చినా జాకీ మీద బిగించేసి ఉంటాడు" అన్నాడు. ఆ ముక్కలు పారేసి కొత్తవి వేశాం, కుడి వైపు వచ్చే వారం చేస్తాడు. తెలిసిన స్పేర్ పార్ట్స్ షాపాయన 2024 తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? చీటింగ్ కేసు పెట్టొచ్చా? నాన్న జ్ఞాపకంతో ఆడుకున్నాడు, 5 లక్షలు పరిహారం అడగాలనుంది.

జవాబు: ముందు ఫోన్ తీసి మీ ఊరి మెకానిక్ కి చెప్పండి, కుడి వైపు ముట్టుకోవద్దని. మిగతాది తర్వాత చదవండి.

నాన్నగారి గురించి మీరు రెండు పేజీలు రాశారు, అందులో కేసుకి పనికొచ్చే వాక్యం ఒక్కటే, అది కూడా మీది కాదు మెకానిక్ ది. "మార్చనే లేదు, మార్చినా జాకీ మీద బిగించేసి ఉంటాడు." ఆ ఒక్క మాటలో రెండు వేరు వేరు కేసులున్నాయి. డబ్బు తీసుకుని బుష్షులు మార్చకుండా మార్చానని చెప్పడం ఒకటి, అది మోసపూరిత వ్యాపార పద్ధతి కింద వస్తుంది. నిజంగానే కొత్తవి వేసి వాటిని తప్పుగా బిగించడం ఇంకొకటి, అది సేవలో లోపం. మీరు వినియోగదారుల కమిషన్ కి ఇచ్చే ఫిర్యాదులో రెండూ కలిపి రాశారనుకోండి, అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్నే "ఇంతకీ మార్చాడా లేదా?" అని. దానికి మీ దగ్గర జవాబు లేకపోతే 1988 బండి, మన రోడ్లు, నాలుగు నెలలు తిరిగింది, అరిగింది అంటాడు, కథ అక్కడితో ముగుస్తుంది. లోపం ఉందని చూపించాల్సింది ఫిర్యాదు చేసినవాళ్ళే అని 2021లో సుప్రీంకోర్టు ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది, మీ బాధ ఎంత నిజమైనా ఆ బరువు మీ మీదే ఉంది.

మరి ఆ జవాబు ఎక్కడుంది? ఎడమ వైపు ముక్కల్లో ఉండేది, మీరు పారేశారు. ఈ మాట కటువుగానే అంటున్నా, 18,500 కట్టి మోసపోయానని అనుమానం వచ్చిన మనిషి ఆ అనుమానానికున్న సాక్ష్యాన్ని పాత ఇనుము బస్తాలో వేసి రావడం ఏంటండి. ఒక పాలిథీన్ కవర్, మీద తేదీ, నలుగురి ముందు ఫొటో, ఇంతే కదా కావాల్సింది. ఆ షెడ్డులో చెత్త ఇంకా ఎత్తేయకపోతే ఈరోజే వెళ్ళి వెతకండి, దొరికితే అది ఎడమ వైపుదే అని మెకానిక్ గుర్తుపట్టి సంతకం పెట్టగలడా అన్నది కూడా చూడండి, గుర్తుపట్టలేకపోతే బలవంతంగా పెట్టించొద్దు.

కుడి వైపు మాత్రం 2024 మార్చిలో ఆయన ఎలా వదిలేశాడో అలాగే ఉంది, మీ కేసు మొత్తం ఇప్పుడు ఆ కుడి కమాన్ కట్ట చివర్లలోనే ఉంది. నేను మెకానిక్ ని కాదు కానీ ఇలాంటి ఫైళ్ళు చూసి తెలుసుకున్నది చెప్తా. రబ్బరు బుష్షు ఉన్న బోల్టుని పూర్తిగా బిగించాల్సింది బండి చక్రాల మీద దిగి, బరువు కమాన్ల మీద పడ్డాక. వెనక భాగం జాకీ మీద వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది, ఆ మెలితోనే తిరుగుతుంది, ప్రతి గుంతకీ ఇంకాస్త మెలిపడి నెలల్లోనే చీలుతుంది. అలా చీలిన కొత్త రబ్బరుకీ, ఏళ్ళ తరబడి ఎండి గట్టిపడి పగుళ్ళిచ్చిన పాత రబ్బరుకీ తేడా తెలిసినవాడికి తెలుస్తుంది. బోల్టు తల మీద ఈమధ్య పానా పడిన గుర్తులున్నాయా లేక తుప్పు, పాత మట్టి గడ్డకట్టి ఉన్నాయా అన్నది కూడా చెప్తుంది. మీ రెండు కేసుల్లో ఏది నిజమో ఆ కుడి వైపే చెప్పాలి, మీరూ నేనూ ఊహించి రాసేది కాదు.

అందుకే దాన్ని విప్పే పద్ధతి ముఖ్యం. మొదట విజయవాడ మెకానిక్ కి నోటీసు పంపండి. ఫలానా రోజు ఫలానా చోట కుడి వైపు విప్పి పరిశీలిస్తాం, మీరు వచ్చి చూసుకోవచ్చు, లేదా మీ మనిషిని పంపొచ్చు అని, కనీసం పదిహేను రోజుల టైం ఇచ్చి. రిజిస్టర్డ్ పోస్టుని 2025 సెప్టెంబర్ నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టించి పంపండి, ఆయనకి వాట్సాప్ ఉంటే అందులో కూడా. ఆయన రాకపోయినా పర్లేదు, పిలిచామన్నది రికార్డులో ఉంటుంది. విప్పేటప్పుడు లైసెన్స్ ఉన్న మోటార్ సర్వేయర్ నో, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ లెక్చరర్ నో ఎవరో ఒక సంబంధం లేని మనిషిని డబ్బిచ్చి పిలవండి, నంబర్ ప్లేటు, కిలోమీటర్ల రీడింగ్ కనబడేలా మొదలుపెట్టి కట్ చేయకుండా వీడియో తీయండి, బుష్షులు సీల్ చేసి అందరి సంతకాలు పెట్టించండి. లేదా ఇంకా గట్టి దారి, బండి అలాగే ఉంచి ఫిర్యాదు వేసేసి, కమిషనే నిపుణుడి చేత చూపించమని అర్జీ పెట్టడం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వస్తువుని సీల్ చేసి పరీక్షకి పంపించే అధికారం, వస్తువులు సాక్ష్యంగా తెప్పించే అధికారం కమిషన్ కి ఉన్నాయి. అమ్మగారు ఈ రెండు నెలలు ఆటోలో గుడికి వెళ్తే ఈ దారే మంచిదంటాను, పైగా చిరిగిన బుష్షుతో ఆవిడని తిప్పడం క్షేమం కూడా కాదు.

రెండు నెలలు అని ఎందుకన్నానంటే, గడువు. మీరు ఉత్తరంలో "నవంబర్ లో ఫోన్ ఎత్తడం మానేశాడు కాబట్టి ఇంకా టైం ఉంది" అని ఎక్కడో లెక్కేసుకున్నారు. అది ప్రమాదకరమైన లెక్క. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు. ఆ రోజు ఏది అన్న దాని మీద వాదనలు ఉంటాయి, శబ్దం మళ్ళీ మొదలైన రోజా, విప్పి చూసిన రోజా అని, కానీ అవతలివాళ్ళు మాత్రం బండి చేతికిచ్చిన 2024 మార్చి 16నే పట్టుకుంటారు. కాబట్టి మీరు కూడా దాన్నే పట్టుకోండి. 2026 మార్చి 15 ఆదివారం, ఆ వారాంతం దాకా ఆగకుండా ఫిబ్రవరిలోనే వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్ లో ఫైల్ చేసేయండి. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ సరైన కారణం చూపాలి, "ఆయన చూస్తానన్నాడు" అనేది చాలాసార్లు సరిపోదు. మధ్యలో నోటీసులు, ఉత్తరాలు నడిపినంత మాత్రాన గడువు సాగదు, 1988లో తగలబడిన పొగాకు సరుకు ఇన్సూరెన్స్ మీద ఏళ్ళ తర్వాత వచ్చిన కందిమళ్ళ రాఘవయ్య అండ్ కో కేసుని సుప్రీంకోర్టు 2009లో ఈ కారణంతోనే కొట్టేసింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ కి ఫోన్ చేయండి, మంచిదే, రాజీ కుదిరితే ఇంకా మంచిది, కానీ ఆ ఫిర్యాదు నంబర్ చూసుకుని నిశ్చింతగా కూర్చోవద్దు.

ఇప్పుడు ఆ 2024 తేదీ బిల్లు సంగతి. వద్దు. తీసుకోవద్దు, రాయించొద్దు, ఫోన్లో కూడా ఆ షాపాయనతో ఇంకోసారి ఆ మాట ఎత్తొద్దు. మీరు అసలు కొననే లేని చోట నుంచి లేని కొనుగోలుకి బిల్లు పుట్టిస్తే అది దొంగ పత్రం, భారతీయ న్యాయ సంహిత 336 కింద మోసం కోసం ఫోర్జరీకి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, కమిషన్ లో జరిగేది న్యాయ విచారణగానే లెక్క కాబట్టి అబద్ధపు సాక్ష్యం సెక్షన్లు కూడా తగులుతాయి. బిల్లు బుక్కులో వరస నంబర్లుంటాయి, జీఎస్టీ రిటర్నులుంటాయి, ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. అప్పుడు మీరు చెప్పిన నిజం కూడా ఎవరూ నమ్మరు, నాన్నగారి బండి కోసం న్యాయం అడగడానికి వెళ్ళిన మీరే ముద్దాయి అవుతారు. దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి, బిల్లు కోసం గెలవాల్సిన కేసు పాడుచేసుకున్నవాళ్ళని చూశాను.

అసలు మీకు ఆ బిల్లు అవసరమే లేదు. బిల్లు ఇవ్వకపోవడం ఆయన తప్పు, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47)లో దాన్ని కూడా మోసపూరిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చారు. మీ దగ్గర పదివేల యూపీఐ లావాదేవీ ఉంది, బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ తీసుకోండి. చివర్లో ఎక్కడో "మార్చి 15న వాయిస్ మెసేజ్ పెట్టాడు, అన్నీ కొత్తవి వేశానండి రేపు రండి అని, కానీ అది పాత ఫోన్లో ఉంది, స్క్రీన్ పగిలింది" అని రాశారు. అదే మీ బంగారం! ఆ ఫోన్ పిల్లలకి ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి, స్క్రీన్ మార్పించి ఆ మెసేజ్ అలాగే ఉంచి, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ తో సహా దాఖలు చేయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టులంత గట్టిగా పాటించకపోవచ్చు, అయినా అవతలివాళ్ళకి ఆ అవకాశం ఎందుకివ్వాలి. మీ ఊరి మెకానిక్ చేత అఫిడవిట్ ఇప్పించండి, ఇవాళ్టి తేదీతోనే, ఎడమ వైపు విప్పినప్పుడు తన కళ్ళతో ఏం చూశాడో అంతవరకే. "మార్చలేదని నా అభిప్రాయం" లాంటివి వద్దు, చూసింది చెప్తే చాలు.

చీటింగ్ కేసు గురించి, మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, బుష్షులు అసలు మార్చలేదని తేలిన తర్వాత ఆలోచించొచ్చు. ఇప్పుడు బెదిరించడానికి స్టేషన్ కి వెళ్తే సివిల్ తగాదా అంటారు, మీకు మిగిలిన ఈ కాస్త టైం అక్కడ పోతుంది.

5 లక్షలు రావు. కట్టిన 18,500, రెండోసారి చేయించిన ఖర్చు, మానసిక వేదనకి ఒక సబబైన మొత్తం, కేసు ఖర్చులు, ఇవి అడగండి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫైలింగ్ ఫీజు లేదు, మెకానిక్ విజయవాడలో ఉన్నా మీరు ఉండే చోటే వేసుకునే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది, కాబట్టి విజయవాడ తిరగక్కర్లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక ఆయన 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, అది దాటితే తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇంకొకటి, ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందని రాశారు. ఈ కేసుకి అది అడ్డు కాదు, డబ్బిచ్చి పని చేయించుకున్నది మీరు కాబట్టి వినియోగదారుడు మీరే. కానీ యజమాని పోయిన మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకి అర్జీ పెట్టాలి, మీరు మూడేళ్ళు దాటించారు, ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరు మీదే కడుతుంటే రేపు రోడ్డు మీద ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర అమ్మగారు, మీరు చాలా ఇబ్బంది పడతారు. వారసత్వ ధృవీకరణ, మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని ఈ వారంలోనే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళిరండి, బండి మాత్రం ఇంట్లోనే ఉంచి.