మాల్దీవులు సొంతంగా సైనిక రవాణా విమానం కొనాలంటే ఏది కొనాలి?

అడిగిన ప్రశ్న ఇది: "ఐదు లక్షల జనాభా ఉన్న మాల్దీవుల లాంటి చిన్న దేశం తన సైన్యానికి రవాణా విమానాలు సమకూర్చుకోవాలంటే ఏయే దారులున్నాయి? మనవాళ్లిచ్చిన డోర్నియర్ చాలదా?"

నేను వాయుసేనలో ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి బయటికొచ్చాను. ఎక్కువ కాలం ఏఎన్-32 రవాణా విమానాల కింద, చివర్లో కొన్నాళ్లు డోర్నియర్ల దగ్గర. కొనుగోలు ఫైళ్లు నా కంట ఎన్నడూ పడలేదు. విమానం కింద వెల్లకిలా పడుకుని ఆయిల్ ఎక్కడ కారుతోందో వెతికినవాణ్ణి, కాబట్టి జవాబు కూడా ఆ కింది నుంచే చెబుతాను. ఏ విమానాన్ని విప్పి బిగించడం తన దేశంలో జనానికి ఇప్పటికే వచ్చో, చిన్న దేశం అదే కొనాలి. మాల్దీవులకైతే అది ట్విన్ ఆటర్ అనే రెండింజన్ల చిన్న విమానం. ఎందుకో చెప్పే ముందు నా అనుభవం ఒకటి.

ఈశాన్యంలో ఒక స్థావరంలో ఉన్నప్పటి మాట. అరుణాచల్ కొండల్లో మెచుకా, టూటింగ్ లాంటి చోట్లకు రేషనైనా, కిరోసినైనా, సెలవు మీద వచ్చీపోయే జవాన్లయినా ఏఎన్-32 కడుపులోనే వెళ్లాలి. ఆ లోయల్లో మబ్బు విప్పేది పొద్దున రెండు మూడు గంటలే. ఒక రోజు సరుకు ఎక్కించడం అయిపోయింది. ఇంజన్లు స్టార్ట్ చేసే ముందు చూస్తే ల్యాండింగ్ గేర్ దగ్గర హైడ్రాలిక్ ఆయిల్ చెమ్మ. మార్చాల్సింది రూపాయి బిళ్లంత రబ్బరు సీలు. స్టోర్‌కు పరుగెత్తాను. సీలు ఉంది. కానీ రబ్బరుకు గడువుంటుంది, ప్యాకెట్ మీద తేదీ దాటి అప్పటికి నాలుగు నెలలు. గడువు తీరిన సీలు వేసి, విమానం ఎగరొచ్చని రాసే ఎఫ్-700 పుస్తకంలో సంతకం పెట్టే ఫిట్టర్ ఉండడు (ఉంటే వాడు చూసిన విమానం మీరు ఎక్కకండి). పోనీ, పెద్ద సర్వీసింగ్ కోసం షెడ్డులో నిలబెట్టిన విమానం నుంచి ఆ సీలున్న హైడ్రాలిక్ జాక్ మొత్తం పీకి దీనికి వేద్దామా అంటే, అది అంతకుముందే ఇంకోదానికి పోయింది. కొత్త సీలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. మిగతా విమానాలకు వంతు కుదిరిన రోజు మబ్బు విప్పలేదు, మబ్బు విప్పిన రోజు వాటికి వేరే పని.

చివరికి మెచుకా నుంచి తిరిగొచ్చిన విమానంలో ఒక కర్నూలు జవాను దిగాడు. చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయాడట. నా పేరు పలక మీద చూసి తెలుగువాణ్ణని పట్టేసి, "ఏమన్నా, మీ ఇమానం వచ్చే తలికి మా చెల్లెలు కాపురానికి గూడా పోయినాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు మొహం చెల్లలేదు.

వందకు పైగా ఏఎన్-32లు, కాన్పూర్‌లో వాటి కోసమే పెద్ద రిపేర్ డిపో ఉన్న దేశంలో జరిగిన ముచ్చట ఇది. ఆ విమానాల ఆధునికీకరణకు 2009లో ఉక్రెయిన్‌తో సుమారు 40 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాం. కొన్నింటికి అక్కడ, మిగతావాటికి కాన్పూర్‌లో పని జరగాలి. 2014లో రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య క్రిమియా గొడవ మొదలయ్యాక విడిభాగాలు రాక, కాన్పూర్ పని నత్తనడకన సాగింది. ఎవరి యుద్ధమో వచ్చి మన షెడ్డులో విమానాన్ని నిలబెట్టింది. మనకే ఇలా అయితే, రెండే విమానాలున్న దేశం సంగతి ఆలోచించండి.

ఫిట్టర్ల లెక్క ఒకటుంది. పిలిచినప్పుడు కచ్చితంగా ఒకటి ఎగరాలంటే చేతిలో మూడుండాలి. ఒకటి పెద్ద సర్వీసింగ్‌లో ఉంటుంది, ఒకటి ఏదో చిన్న లోటుతో ఆగిపోతుంది, ఒకటి లేస్తుంది. మొదటి దారి కొత్తవి కొనడం. న్యూజిలాండ్ ఈ లెక్క తెలిసిన దేశం. 1960లలో కొన్న ఐదు హెర్క్యులిస్ (సీ-130) రవాణా విమానాలను దాదాపు 60 ఏళ్లు వాడుకుంది. వాటి స్థానంలో 2024లో మళ్లీ ఐదే, కొత్త సీ-130జె-30లు తెచ్చుకుంది. సిమ్యులేటర్ వగైరాలతో కలిపి ఖర్చు సుమారు 150 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. (సీ-130జె తోక భాగాలు తయారయ్యేది మన హైదరాబాద్ పక్కన ఆదిభట్లలోనే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా మా అబ్బాయికి చెబుతుంటాను, వాడికి విసుగొచ్చేసింది.) ఒకే రకం విమానంతో అన్నేళ్లు గడపడంలో లాభం ఏమిటంటే, తండ్రి దగ్గర పని నేర్చుకున్నట్టు ఒక తరం మెకానిక్కుల దగ్గర ఇంకో తరం నేర్చుకుంటుంది. కానీ ఆ డబ్బు మాల్దీవుల దగ్గర లేదు, ఆ అవసరమూ లేదు.

ఇక రెండోది, కానుక దారి. 2020లో భారత్ వాళ్లకో డోర్నియర్ 228 ఇచ్చింది. ఉత్తరాన హనిమాధూలో ఉంచి రోగుల తరలింపుకీ, సముద్రం మీద నిఘాకీ వాడారు. మంచి విమానమే, 19 మంది పడతారు, పొట్టి రన్‌వే చాలు. అయితే నడిపింది మనవాళ్లు, చూసుకుందీ మనవాళ్లే. ముయిజ్జు అధ్యక్షుడయ్యాక భారత సైనికులు వెళ్లాలన్నారు. 2024 మే 10 నాటికి వాళ్ల స్థానంలో మన దేశం నుంచే సైన్యానికి చెందని సాంకేతిక సిబ్బంది వెళ్లారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ దేశ రక్షణమంత్రి ఘస్సాన్ మౌమూన్, భారత్ ఇచ్చిన విమానాలు నడపగల వాళ్లు తమ సైన్యంలో లేరని ఒప్పుకున్నారు. రాజకీయంలో ఎవరిది తప్పన్నది నాకనవసరం. ఫిట్టర్‌గా నాకు కనిపించేది ఇంతే: నాలుగేళ్లలో నలుగురు కుర్రాళ్లకు ఆ ఎఫ్-700లో సంతకం పెట్టే అర్హత వచ్చి ఉంటే, ఆ మాట అనాల్సిన పని పడేది కాదు. కానుక తీసుకోవచ్చు, కానీ విమానంతో పాటు శిక్షణ గడువు కూడా కాగితం మీద రాయించుకోవాలి. అది రాయించుకోకపోతే ఇచ్చినవాడి సిబ్బంది ఉన్నన్నాళ్లే అది ఎగిరేది.

మూడో దారి పాతవి కొనడం. ఇందులో మంచీ ఉంది, మహా చెడ్డా ఉంది. బ్రిటన్ వాయుసేన వదిలేసిన సీ-130జెలు ఐదింటిని బంగ్లాదేశ్ కొంది. అది తెలివైన పని, ఎందుకంటే ఆ మోడల్ ఇంకా తయారవుతోంది, భాగాలకు లోటు లేదు. ఎదురుగా అఫ్గానిస్తాన్ కథ చూడండి. అమెరికా డబ్బుతో ఇటలీ పాత జీ222 విమానాలు 20 బాగుచేయించి ఇవ్వాలనుకున్నారు. వాటిలో 16 కాబూల్ చేరాయి. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, భాగాలు దొరకవు, దుమ్ము, ఎండ. దాదాపు 50 కోట్ల డాలర్ల పథకం. 2014లో ఆ పదహారింటినీ ముక్కలు చేసి, పౌండు బరువుకు ఆరు సెంట్ల చొప్పున తుక్కు కింద అమ్మేశారు. వచ్చింది 32 వేల డాలర్ల లెక్క. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదంటే అతిశయోక్తి అనుకోకండి. విమానం తుక్కవడం చూడటం మా వృత్తిలో వాళ్లకు శవయాత్ర చూసినట్టే.

నాలుగోది, నాకు బాగా నచ్చినది, వాటాల పద్ధతి. హంగరీలో పాపా అనే ఊళ్లో మూడు సీ-17 భారీ రవాణా విమానాలున్నాయి. 12 దేశాలు కలిసి వాటిని పెట్టుకున్నాయి. విమానాన్ని కాదు, గంటల్ని పంచుకుంటారు. మొదటి ఒప్పందంలో ఏడాదికి 3,165 గంటలు. అందులో అమెరికాకు 1,000, స్వీడన్‌కు 550, ఎస్టోనియాకు 45. ఏడాదికి నలభై ఐదు గంటలే కదా అని నవ్వకండి. అంత పెద్ద విమానం ఎస్టోనియాకు అంతకు మించి అక్కర్లేదు. మా ఊళ్లో నలుగురు రైతులు కలిసి ట్రాక్టర్ కొని వంతుల వారీగా దున్నుకున్నట్టు. నెదర్లాండ్స్, ఆస్ట్రియా 2024లో కలిసి తొమ్మిది ఎంబ్రాయర్ సీ-390లకు సంతకం చేసిందీ ఈ ఆలోచనతోనే: ఐదు ఒకరికి, నాలుగు ఇంకొకరికి.

మాల్దీవులకు పెద్ద విమానం కావాల్సి వచ్చిన సందర్భాలు రెండు గుర్తొస్తున్నాయి. 1988 నవంబరు 3న తిరుగుబాటు జరిగితే ఆ రాత్రి ఆగ్రా నుంచి మన ఐఎల్-76 పెద్ద రవాణా విమానాలు పారా దళంతో మాలే పక్కన విమానాశ్రయం ఉన్న హుల్హులే దీవిలో దిగాయి. 2014 డిసెంబరులో మాలేలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో మంటలు రేగి ఊరంతా దాహంతో ఉంటే, మన విమానాలు నీళ్లు మోశాయి. ఇన్నేళ్లలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టినన్నే. దీనికోసం హెర్క్యులిస్ కొని పెట్టుకోవడం ఇంట్లో పెళ్లి కోసం షామియానా కంపెనీ కొనడం లాంటిది. ఇరుగుపొరుగుతో ఒక ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది.

రోజువారీ అవసరం వేరు. సుమారు 1,190 దీవులు, ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైనే. రన్‌వే ఉన్న దీవుల్లో కూడా చాలాచోట్ల అది 1,200 మీటర్లే. మోయాల్సింది పదిమంది సైనికులు, ఒక రోగి, ఒక జనరేటర్, కొన్ని బియ్యం బస్తాలు. ఇక్కడే ట్విన్ ఆటర్ వస్తుంది. ప్రపంచంలో అతిపెద్ద సీప్లేన్ల దండు ఆ దేశంలోనే ఉంది, పర్యాటకుల్ని రిసార్టులకు తిప్పేది ఈ ట్విన్ ఆటర్లే. ప్రభుత్వ విమాన సంస్థ దగ్గరా ఇవి ఉన్నాయి. అంటే పైలట్లు, మెకానిక్కులు, దాని పీటీ6 ఇంజన్ భాగాలు, అన్నీ ఇంటి దగ్గరే. చక్రాలు పెట్టొచ్చు, నీళ్ల మీద తేలే ఫ్లోట్లు పెట్టొచ్చు. వియత్నాం నౌకాదళం, పెరూ వాయుసేన కూడా దీన్నే ఎంచుకున్నాయి.

ఇంకో చిన్న విషయం, పైకి కనపడనిది: ఉప్పు. కార్ నికోబార్ దీవికి తాత్కాలిక డ్యూటీ మీద వెళ్లినప్పుడు చూశాను, ఆ గాలికి రివెట్ల చుట్టూ పది రోజుల్లో తెల్లటి పొడి తేలుతుంది. రోజూ చివరి ట్రిప్పు తర్వాత మంచినీళ్లతో కడగాలి, ఇంజన్ లోపల కూడా. మాల్దీవుల్లో ఆ మంచినీళ్లూ కొనుక్కోవాల్సినవే. సముద్రం మీదే దిగే సీప్లేన్ల వాళ్లకు ఈ కడుగుడు పళ్లు తోముకున్నంత అలవాటు.

ట్విన్ ఆటర్‌కు వెనక ర్యాంపు లేదు, జీపు ఎక్కదు అని ఎవరో ఒకరు అంటారు, నిజమే. సీ295 లాంటి ఇంకాస్త పెద్ద రవాణా విమానం అయితే తొమ్మిది టన్నుల దాకా మోస్తుంది, జీపు ఎక్కుతుంది. కానీ చాలా దీవుల్లో జీపు దిగి వెళ్లడానికి రోడ్డే ఉండదు. నాలుగు ట్విన్ ఆటర్లు, సైన్యం నుంచి ఇరవై మంది కుర్రాళ్లు ప్రభుత్వ సంస్థ హ్యాంగర్‌లోనే పని నేర్చుకోవడం, రెండేళ్లకు సరిపడా విడిభాగాలు (రబ్బరు సీళ్ల మీద తేదీ చూసి మరీ). డోర్నియర్‌ను నిఘాకు ఉంచుకోవచ్చు. నేనైతే ఇంతే కొంటాను.