దండి చెక్కించే ముందు

చి. అమ్మాయికి,

వియన్నా నుంచి పెదనాన్న ఆశీస్సులు. ల్యూట్ అనే పాతకాలపు యూరప్ తీగవాద్యం, ఎనిమిది జంటల తీగలున్నది, పాతది కొన్నావనీ, పావుగంట వాయించేసరికి బొటనవేలి మొదలు లాగేస్తోందనీ, నెక్ లావు తగ్గించమని వడ్రంగికి ఇవ్వబోతున్నావనీ రాశావు. నువ్వు నెక్ అనేదాన్ని వీణ అలవాటు కొద్దీ నేను దండి అనే అంటాను. దాన్ని ఇప్పుడే చెక్కించకు.

ముందు కుర్చీలో కూర్చుని, ల్యూట్ ఒళ్లో పెట్టుకుని, ఎడమచెయ్యి తీసెయ్యి. దండి కిందికి వాలిందా? అయితే తప్పు దండిది కాదు. గిటారుకు నడుము ఉంటుంది, తొడ మీద కుదురుకుంటుంది. ల్యూట్ వీపు సగం కోసిన పుచ్చకాయలా గుండ్రం, జారిపోతుంది. నీకు తెలియకుండానే ఎడమచేత్తో దాన్ని మోస్తున్నావు. మోసే చెయ్యి వాయించలేదు. ఒళ్లో జారని గుడ్డ వేసుకో, లేదా పట్టీ కట్టుకో. పాత చిత్రాల్లో కొందరు బల్ల అంచుకు ఆనించి వాయిస్తుంటారు, అదీ మంచి పద్ధతే.

తర్వాత, బొటనవేలు దండి వెనక సరిగ్గా మధ్యలో ఉండాలన్న గిటారు పాఠం కొన్నాళ్లు పక్కన పెట్టు. ల్యూట్‌కు ఆరు జంటల తీగలే ఉన్న కాలంలో బొటనవేలు దండి పైఅంచు మీదుగా తొంగి చూసేది, అవసరమైతే మంద్ర తీగను కూడా నొక్కేది. ఇక్కడి మ్యూజియంలో 1580 ప్రాంతంలో ఇన్స్‌బ్రుక్‌లో గేయోర్గ్ గెర్లె చేసిన ఆరు జంటల ల్యూట్ ఉంది. అలాంటివి మిగిలినవి బహు తక్కువ. ఎందుకంటే తీగలు పదకొండు, పదమూడు జంటలకు పెరిగినప్పుడు పాత వాయిద్యాలకు దండి ఊడదీసి వెడల్పుది అతికించారు. గెర్లె ల్యూట్ సన్నని దండిని చూస్తూ, దాన్ని పట్టుకున్నట్టు గాజుకు ఇవతల నా ఖాళీ చెయ్యి ముడుచుకుని నిలబడితే కాపలాదారు అనుమానంగా చూశాడు. నీ ఎనిమిది జంటల దండి అంతకంటే వెడల్పు కనుక బొటనవేలు అంత పైకి రాదు. కాస్త పక్కకు వాలనిస్తే చాలు.

ఇక చెక్కడం సంగతి. ముప్పై ఏళ్ల కిందట నేనే గాజుపెంకుతో నా ల్యూట్ దండి వెనక గీకాను. చేతికి హాయిగానే ఉంది. మెట్లు కట్టబోయినప్పుడు తెలిసింది. ల్యూట్‌కు పేగు తీగను దండి చుట్టూ తిప్పి ముడి వేస్తే అదే మెట్టు. సన్నగా ఉన్న పైభాగంలో కట్టి కుండ వైపు జరిపితే, దండి లావెక్కే కొద్దీ బిగుస్తుంది. నేను గీకిన చోట ఆ లావు పెరగడం ఆగిపోయింది. నాలుగో మెట్టు అక్కడికి రాగానే వదులై చేతిగాజులా ఊగింది. పైగా ఉక్కు తీగల గిటారుకున్నట్టు ల్యూట్ దండి లోపల ఉక్కు కడ్డీ లేదు. మరీ పల్చన చేస్తే తీగల లాగుడుకు దండి ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తు లేస్తాయి, మరింత గట్టిగా నొక్కాల్సి వస్తుంది. నొప్పి తగ్గించుకోబోయి పెంచుకోవడమే.

తీగల ఎత్తు ఇప్పుడే ఎక్కువగా ఉందేమో కూడా చూడు. మెట్ల ముడులు తడిమి చూడు. కొసలు కాల్చిన బొడిపెలు మంద్ర తీగల వైపు అంచున ఉంటాయి, నీ బొటనవేలు సరిగ్గా అక్కడే తిరుగుతుంది. గరుకుగా ఉంటే సన్నని ఇసుక కాగితంతో రెండుసార్లు రుద్దు, ముడి జోలికి పోకుండా.

ఇవన్నీ చేశాకా నొప్పి ఉంటే అప్పుడు దండి మాట. వడ్రంగి దగ్గరికి కాదు, ల్యూట్‌లు చేసేవారి దగ్గరికి వెళ్లాలి. నాకు నచ్చిన దండికి మొదటి మెట్టు దగ్గరా ఏడో మెట్టు దగ్గరా అచ్చు తీసి కత్తిరించిన అట్టముక్కలు రెండు ఇందులో పెట్టాను. నీ దండి వెనక ఆనించి, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీసి తిప్పి పంపు.

నీ పెదనాన్న