గోళం ఒకటే, కర్వులు రెండు

ప్రశ్న: ఎం.టెక్ ప్రాజెక్టులో లోహపు గోళం రాడార్ క్రాస్ సెక్షన్ (రాడార్ తరంగాన్ని అది ఎంత వెనక్కి పంపుతుందో చెప్పే కొలత) లెక్కిస్తున్నాను. ఎఫ్‌డీటీడీతో (స్థలాన్ని గడులుగా, కాలాన్ని చిన్న అడుగులుగా కోసి లెక్కించే పద్ధతి) ఒక కర్వ్, మెథడ్ ఆఫ్ మూమెంట్స్‌తో (ఉపరితలం మీది విద్యుత్ ప్రవాహాన్ని ముక్కలుగా లెక్కించే పద్ధతి) ఇంకో కర్వ్ వస్తున్నాయి. రెండోదానిలో ఒకచోట సన్నటి పీక్ కూడా ఉంది. పోల్చి ఏది మంచిదో రాయమంటున్నారు గైడ్ గారు. ఏది నమ్మాలి సార్?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ముందు ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూడటం ఆపమ్మా. గోళానికి 1908లోనే గుస్తావ్ మీ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కచ్చితమైన జవాబుని శ్రేణి రూపంలో ఇచ్చాడు, ఒక పూటలో ప్రోగ్రామ్ రాసేయొచ్చు. రెండు కర్వులనీ దాని పక్కన పెట్టు, ఎవరి తప్పు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ పీక్ ఎక్కడుందో చూడు. గోళం చుట్టుకొలతను తరంగదైర్ఘ్యంతో భాగిస్తే 2.74 దగ్గర వస్తోందా? అయితే అది గోళానిది కాదు, మూమెంట్స్ పద్ధతిలో నువ్వు వాడిన సమీకరణానిది. విద్యుత్ క్షేత్రం ఒక్కదానితోనే రాసిన ఇంటెగ్రల్ సమీకరణానికి బయటి గోళానికీ, అదే సైజు బోలు లోహపు గోళం లోపల మోగే రెజొనెన్స్‌కీ తేడా తెలియదు. మెష్ (గోళాన్ని కోసిన ముక్కల వల) ఎంత సన్నగా చేసినా ఈ జబ్బు పూర్తిగా పోదు. అయస్కాంత క్షేత్ర సమీకరణాన్ని కూడా కలిపి వాడే కంబైన్డ్ ఫీల్డ్ పద్ధతికి మారితే పోతుంది. అన్నట్టు, నువ్వు గోళాన్ని త్రికోణాలుగా కోసి, వాటి మీది ప్రవాహాన్ని రాయడానికి వాడే ఆర్‌డబ్ల్యూజీ ఫంక్షన్లలో (1982) మొదటి అక్షరం రావు గారిది, మన ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన సదాశివ రావు గారు.

ఎఫ్‌డీటీడీ తప్పు వేరే రకం. 1966లో కేన్ యీ ఇచ్చిన గడుల్లో గుండ్రటి అంచు మెట్లుమెట్లుగా తయారవుతుంది, పైగా గ్రిడ్‌లో తరంగం అసలు వేగం కంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఒక్కో తరంగదైర్ఘ్యానికి 10 గడులు పెట్టి ఉంటే 20 చేసి చూడు. గడులు 8 రెట్లు, టైమ్ స్టెప్ సగం, అంటే పని 16 రెట్లు. ల్యాప్‌టాప్ మూలుగుతుంది, తప్పదు.

మూమెంట్స్‌లో ఉపరితలాన్ని మాత్రమే కోస్తాం, కానీ ప్రతి ముక్కకీ మిగతా అన్ని ముక్కలతో లెక్క ఉంటుంది కాబట్టి మాట్రిక్స్ నిండుగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే తెలియని రాశులు 4 రెట్లు, మెమరీ 16 రెట్లు, నేరుగా సాల్వ్ చేస్తే టైమ్ 64 రెట్లు.

అందుకే "ఏది ఫాస్ట్" అని ఒక్క టేబుల్ వేసి ఊరుకోకు. గుస్తావ్ మీ ఇచ్చిన శ్రేణితో తేడా రెండింటికీ ఒకే శాతానికి వచ్చేదాకా మెష్ సరిచేసి, అప్పుడు టైమూ మెమరీ రాయి. ఒట్టి లోహానికి నా ఓటు మూమెంట్స్‌కే. తల పక్కన ఫోన్ లాంటిదైతే, కణజాలం పొరపొరకీ మారుతుంది కాబట్టి, ఎఫ్‌డీటీడీ వైపే వెళ్తాను.