ఊరు మారడానికి యాప్‌లో లోన్ తీసుకోవడమా? వద్దండీ, ముందు ఆ ఎఫ్‌డీని కాపాడుకోండి

ప్రశ్న: మాది కూకట్‌పల్లి, నాకు 34 ఏళ్ళు. గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చింది, జనవరి మొదటి వారంలో చేరాలి. చేతికొచ్చే జీతం రూ.78,000 నుంచి రూ.98,000 అవుతుంది. ఇంట్లో నా భార్య, ఒకటో తరగతి చదివే పాప (సీబీఎస్ఈ స్కూలు). డబుల్ బెడ్‌రూమ్ సామానుకి ప్యాకర్స్ వాళ్ళు రూ.62,000, కారుకి రూ.24,000 చెప్పారు. కారు 2020 పెట్రోల్ మోడల్, ఇంకా 14 నెలల లోన్ ఉంది, ఈఎంఐ రూ.9,600. ఇక్కడ అద్దె రూ.17,000, అక్కడ రూ.28,000. రెండు నెలల డిపాజిట్, సగం నెల బ్రోకరేజీ, స్కూలు అడ్మిషన్‌కి రూ.60,000 కావాలి. నా దగ్గర రూ.1.9 లక్షల ఎఫ్‌డీ ఉంది. దాన్ని కదపకుండా ఒక యాప్‌లో రూ.2.5 లక్షలు 24 శాతం వడ్డీకి రెండేళ్ళకి తీసుకుందామనుకుంటున్నాను. రీలొకేషన్ కింద రూ.75,000 దాకా బిల్లుల మీద తర్వాత ఇస్తామని కంపెనీ అంది. ఇది సరైన పనేనా?

జవాబు: కాదండీ. ఎఫ్‌డీని కదపకూడదన్న మీ ఆలోచన మంచిదే, దానికోసం మీరు పట్టుకున్న దారి మాత్రం తప్పు. ఇలాంటి ప్రశ్నలు నాకు చాలా వస్తుంటాయి, అందుకే మీ లెక్కని అందరికీ కనిపించేలా విప్పి చెప్తున్నాను.

ముందు ఆ లోన్ సంగతి చూద్దాం. రూ.2.5 లక్షలు, 24 శాతం, 24 నెలలు అంటే ఈఎంఐ దాదాపు రూ.13,218. మొత్తం కట్టేది రూ.3.17 లక్షలు, అందులో వడ్డీ రూ.67 వేల పైన. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి ఇంకో రూ.8,850 ముందే కోసుకుంటారనుకుందాం (మీ లోన్ కాగితాల్లో ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అని ఒక పేజీ ఉండాలి, అసలు అంకె అక్కడ చూసుకోండి). రెండూ కలిపితే రూ.76 వేలు. కంపెనీ మీకు ఇస్తానన్నది రూ.75 వేలు. అంటే మీ రీలొకేషన్ డబ్బు మొత్తం ఆ యాప్ వాడికే పోతుంది, ఇంకో వెయ్యి మీరే పైన వేయాలి.

జీతం 20 వేలు పెరిగిందని సంతోషంగా రాశారు. అద్దె 11 వేలు పెరిగింది, కొత్త ఈఎంఐ 13,218, కలిపితే 24 వేలు దాటింది. అంటే 1,500 కిలోమీటర్లు వెళ్ళి, కొత్త ఊళ్ళో, కూకట్‌పల్లిలో కంటే నెలకి నాలుగు వేలు తక్కువతో బతుకుతారు, అదీ రెండేళ్ళు. ఇది చూశాక కూడా ఆ లోన్ తీసుకోవాలనిపిస్తే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక నాకు అసలు భయం ఎక్కడంటే, ఇల్లూ ఉద్యోగమూ ఒకేసారి మారే ఆ ఆరు నెలలు ఒక కుటుంబానికి డబ్బు విషయంలో అన్నిటికంటే బలహీనమైన రోజులు. ఉద్యోగం కొత్తది, ప్రొబేషన్‌లో ఉంటారు, నచ్చకపోతే తక్కువ నోటీసుతో పంపేయొచ్చు. ఏడాదిలోపు మానేస్తే రీలొకేషన్ డబ్బు వెనక్కి కట్టాలని చాలా ఆఫర్ లెటర్లలో ఉంటుంది, మీదాంట్లో కూడా ఆ పేరా వెతకండి. హైదరాబాద్‌లో అయితే రాత్రి పదింటికి ఫోన్ చేస్తే బావగారో పక్కింటివాళ్ళో ఓ యాభై వేలు సర్దుతారు, అక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ ఉండరు. సరిగ్గా ఎమర్జెన్సీ ఫండ్ నిండుగా ఉండాల్సిన ఆ నెలలోనే జనం దాన్ని డిపాజిట్‌కీ ట్రక్కుకీ ఊడ్చేస్తారు, లేదా మీలా దాన్ని అలాగే ఉంచి నెత్తిమీద అప్పు పెట్టుకుంటారు. అప్పు పక్కన ఉన్న ఎఫ్‌డీ ఎమర్జెన్సీ ఫండ్ కాదండీ, ఉద్యోగం పోతే ఆ ఎఫ్‌డీ మొదట తీర్చాల్సింది ఆ ఈఎంఐలనే. గురుగ్రామ్‌లో మీకు అద్దె, ఇంటి ఖర్చు (27 వేలు అనుకుంటున్నాను), కారు ఈఎంఐ కలిపి నెలకి రూ.64,600 కావాలి. మీ మొత్తం 1.9 లక్షలు మూడు నెలలకి కూడా రావు. కాబట్టి ఈరోజే ఒక గీత గీయండి: అందులో రూ.1.2 లక్షలు ఎవరూ ముట్టుకోకూడదు, ఏ ట్రక్కు కోసమూ, ఏ బ్రోకర్ కోసమూ. మిగతా 70 వేలు మాత్రమే ఊరు మారడానికి. గడువుకి ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కొంచెం కోస్తుంది, ఆ కోత 24 శాతం ముందు లెక్కలోకే రాదు.

మరి మిగతా డబ్బు ఎక్కడిది అంటారు. అందరూ ఒకేసారి వెళ్ళాలని ఎవరు చెప్పారు? జనవరిలో మీరు ఒక్కరే వెళ్ళండి. భోజనంతో కలిపి 14 వేలకి పీజీ చూసుకోండి, మీ ఆవిడ, పాప మార్చి దాకా కూకట్‌పల్లిలోనే ఉంటారు. పాపని చదువు మధ్యలో మార్పిస్తే మూడు నెలల కోసం అడ్మిషన్ కట్టి, ఏప్రిల్‌లో మళ్ళీ వార్షిక ఫీజు కట్టాలి, ఆ బాధ తప్పుతుంది. మీ పీజీ, ఇక్కడి అద్దె, ఇంటి ఖర్చు, కారు ఈఎంఐ, మీ చేతి ఖర్చు, రాకపోకలు కలిపి నెలకి 77,600 వేసుకున్నాను. 98 వేలల్లో 20 వేలు మిగులుతాయి, మూడు నెలలకి 61 వేలు. ఇంకో విషయం, ఇక్కడి ఇంటి ఓనర్ దగ్గర మీ అడ్వాన్స్ ఉండే ఉంటుంది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. రెండు నెలలది అయితే అదో 34 వేలు. మూడు నెలల టైమ్ దొరికింది కాబట్టి సామాను కూడా తొందరపడకుండా మంచి ధరకి అమ్ముకోవచ్చు.

సామాను విషయంలో కొంచెం కఠినంగా ఉండండి. ప్లైవుడ్ మంచం, సోఫా, బీరువా, ఏళ్ళ నాటి ఫ్రిజ్, వీటిని 1,500 కిలోమీటర్లు మోయించడానికి అయ్యే ఖర్చు వాటి ఇవాళ్టి ధర కంటే ఎక్కువ. ప్లైవుడ్ మంచాన్ని ఒకసారి విప్పి బిగిస్తే ఆ స్క్రూలు మళ్ళీ పట్టవు కూడా. గురుగ్రామ్ అద్దె ఫ్లాట్లలో చాలావాటికి వార్డ్‌రోబ్‌లు, ఫ్యాన్లు, గీజర్లు ఉంటాయి. వంటసామాను, బట్టలు, టీవీ, వాషింగ్ మెషిన్, పుస్తకాలు, గ్రైండర్, పూజగదిలో వస్తువులు, ఇవి తీసుకెళ్ళండి, ఇవన్నీ పాతిక అట్టపెట్టెల్లో సర్దుకుపోతాయి. ఫుల్ ట్రక్కు కాకుండా పార్ట్ లోడ్ అడగండి, ఇంకొకరి సామానుతో కలిపి పంపుతారు, పది రోజులు పైగా పట్టొచ్చు, కానీ జీఎస్టీతో కలిపి రూ.28 వేల లోపు బేరం కుదురుతుందని నా అంచనా. నెలాఖరున అందరూ ఇళ్ళు మారతారు కాబట్టి రేటు పెరుగుతుంది, నెల మధ్యలో పెట్టుకోండి. బైక్ కూడా ఉంటే సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేయండి, ఆర్సీ కాపీ, గుర్తింపు కార్డు ఇచ్చి పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేయాలి.

ప్యాకర్స్ వాళ్ళు సామానుకీ కారుకీ కలిపి చెప్పిన 86 వేలు అసలు 86 వేలే కాదు. కొటేషన్ కింద ‘జీఎస్టీ అదనం’ అని ఉందేమో చూడండి. 18 శాతం వేస్తే రూ.1,01,480. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అని సామాను విలువ నాలుగు లక్షలు రాసి 3 శాతం అడిగితే ఇంకో 12 వేలు. అప్పటికి 1.13 లక్షలు దాటింది.

ఆ ఇన్సూరెన్స్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది దాని పేరుతో తీసుకునేది ఇన్సూరెన్స్ కాదు, వాళ్ళు పెట్టుకున్న ఒక ‘రిస్క్ ఛార్జీ’ మాత్రమే. లోడింగ్‌కి ముందు బీమా కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్, అందులో మీ పేరు, పాలసీ నంబరు, సామాను విలువ చూపించమనండి. చూపించకపోతే ఆ డబ్బు కట్టకండి. రోడ్డు రవాణా చట్టం (2007) ప్రకారం సరుకు విలువ ముందే రాసి ఇవ్వకపోతే ట్రాన్స్‌పోర్టు వాళ్ళ బాధ్యత పరిమితమైపోతుంది, నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నేను విజయవాడ నుంచి పుణె మారినప్పుడు ప్యాకింగ్‌కి వచ్చిన కుర్రాడు వస్తువుల జాబితా రాస్తూ, ప్రతి లైను పక్కనా ‘పాతది, గీతలు ఉన్నాయి’ అని గబగబా రాసుకుంటూ పోయాడు. కొని మూడు నెలలైన ఫ్రిజ్ పక్కన కూడా అదే. హడావుడిలో సంతకం పెట్టేశాను. ఫ్రిజ్ తలుపు సొట్టపడి దిగింది, పైసా రాలేదు, పైగా ఊరి బయట ట్రక్కు ఆపి అన్‌లోడింగ్‌కి ఇంకో ఆరు వేలు పంపితేనే కదులుతామన్నారు. కాబట్టి జాబితా మీ చేత్తో మీరే రాయండి, ప్రతి వస్తువుకీ తేదీ కనిపించేలా ఫొటో తీయండి, ‘ఇంటి తలుపు దాకా, అన్నీ కలిపి’ అని మొత్తం అంకె కాగితం మీద రాయించుకోండి, కనీసం సగం డబ్బు సామాను ఇంట్లో దిగాకే ఇవ్వండి.

కారు సంగతి. కాంప్రెహెన్సివ్ పాలసీ (మీ సొంత కారుకి జరిగే నష్టానికి కూడా కవర్ ఇచ్చేది) ఉంటే, కారు ట్రక్కు మీదో రైలు మీదో వెళ్తున్నప్పుడు జరిగే నష్టం కూడా అందులోనే కవర్ అవుతుంది, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే కాదు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందనుకోండి, అయినా పెద్ద దెబ్బకి అది చాలు. దానికి మళ్ళీ విడిగా ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు. కారులో అట్టపెట్టెలు సర్ది పంపకండి, వాటికి ఏ కవరూ లేదు. కానీ మీరు మార్చిలో కుటుంబంతో నడుపుకుంటూ వెళ్ళడమే నయం. ఎన్‌హెచ్ 44 మీద మొదటి రాత్రి నాగ్‌పూర్‌లో, రెండో రాత్రి ఝాన్సీలో ఆగితే మూడోరోజు సాయంత్రానికి చేరతారు. పెట్రోలు 11, 12 వేలు. టోల్‌కి ఫాస్టాగ్ వార్షిక పాస్ (2025లో రూ.3,000) తీసుకుంటే జాతీయ రహదారుల మీద 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందు పూర్తయితే అప్పటిదాకా పనికొస్తుంది. బస, తిండి కలిపినా 18, 19 వేల దగ్గర తేలుతుంది, ముగ్గురి రైలు టికెట్లు కూడా మిగులుతాయి. జనవరిలో అయితే ఆగ్రా, ఢిల్లీ మధ్య పొగమంచుకి భయపడి వద్దనేవాడిని.

కారుని 12 నెలలకి మించి హర్యానాలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ కావాలి, చలాన్లు బాకీ ఉంటే ముందు కట్టేయండి. అక్కడ మళ్ళీ రోడ్ ట్యాక్స్ పడుతుంది, ఇక్కడ కట్టిందాంట్లో కొంత వెనక్కి అడగొచ్చు కానీ అది ఎప్పుడొస్తుందో నమ్మి ఖర్చు పెట్టకండి. మీ కంపెనీకి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులు ఉంటే బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని నంబరు) సంగతి కూడా అడగండి. మీది పెట్రోల్ కారు కాబట్టి ఇంతదాకా చెప్పాను, పదేళ్ళకి దగ్గరైన డీజిల్ అయితే ఢిల్లీ చుట్టుపక్కలకి తీసుకెళ్ళకుండా ఇక్కడే అమ్మేయమనేవాడిని.

హెల్త్ ఇన్సూరెన్స్ మర్చిపోకండి. పాత కంపెనీలో ఆఖరి రోజుతో గ్రూప్ కవర్ అయిపోతుంది, కొత్తది చేరాక మొదలవుతుంది. ఆ మధ్య రోజుల కోసమే కాదు, ఉద్యోగంతో సంబంధం లేని సొంత ఫ్యామిలీ పాలసీ ఇప్పుడే తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా లేదు. కొత్త పాలసీలో జబ్బులకి మొదటి 30 రోజులు కవర్ ఉండదు, అందుకే డిసెంబర్‌లోనే కట్టండి.

ఇప్పుడు మొత్తం కూడండి. సామాను 28 వేలు, కారు 18 వేలు, అక్కడి డిపాజిట్, బ్రోకరేజీ, మొదటి అద్దె 98 వేలు, మొత్తం రూ.1.44 లక్షలు. ఎఫ్‌డీలో 70 వేలు, మూడు నెలల మిగులు 61 వేలు, సామాను అమ్మితే ఓ 40 వేలు, కలిపి 1.71 లక్షలు. స్కూలు ఫీజుకి ఆ మిగిలిన 27 వేలు, ఇక్కడి అడ్వాన్స్ 34 వేలు. అప్పు లేదు, 1.2 లక్షలు అలాగే ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చేది ఒక్క రూపాయి వదలకుండా ఆ ఫండ్‌లోకే వేయండి, తర్వాత నెలకి 20 వేల ఆర్డీ పెట్టుకుని నాలుగు లక్షలు అయ్యేదాకా ఇంకే పెట్టుబడీ ఆలోచించకండి.

గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు ఈఎంఐ, రెండూ వద్దు. పీఎఫ్ తీయకండి, బదిలీ చేసుకోండి. మరీ గడ్డు పరిస్థితి వస్తే ఎఫ్‌డీ మీదే బ్యాంకులో లోన్, దాని వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది.

ఈరోజు చేయాల్సిన పని ఒకటే, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. కుటుంబాన్ని మార్చిలో తీసుకొస్తాను, రీలొకేషన్ గడువు అప్పటిదాకా ఉంటుందా, ప్యాకర్స్‌కి కంపెనీయే నేరుగా కడుతుందా, పెట్రోలు బిల్లులు ఒప్పుకుంటారా అని అడగండి. బోనస్ అని జీతంలో కలిపి ఇస్తే పన్ను పడుతుంది కాబట్టి బిల్లుల మీద ఇవ్వడమే మేలని చెప్పండి. జవాబు రాతలో తీసుకోండి. నా జవాబు చేరేలోపే ఆ యాప్ డబ్బు మీ ఖాతాలో పడిపోయి ఉంటే, లోన్ కాగితాల్లో ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఎన్ని రోజులో చూడండి, రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అది కనీసం ఒక రోజైనా ఉండాలి. ఆ గడువులోపు అసలూ ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి బయటికి రండి, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి.