టెన్నిస్ కోసం స్థలం అమ్మాలా?

నమస్కారం అండీ. 12 ఏళ్ల మీ అమ్మాయిని విదేశీ అకాడమీలో చేర్చడానికి గుంటూరులోని స్థలం అమ్మాలా, డబ్బున్నవాళ్లే ఈ ఆటలో పైకి వస్తారా అని అడిగారు. ఇప్పుడైతే ఆ స్థలం అమ్మవద్దనే చెబుతాను.

డబ్బున్న కుటుంబానికి దక్కే అసలు లాభం, వరుసగా ఓడిపోతున్నా, గాయపడినా పిల్లను మరికొన్నేళ్లు ఆడించగలగడమే. బిలియనీర్ కుమార్తె అయిన అమెరికా క్రీడాకారిణి జెస్సికా పెగులా మోకాలికి, తుంటికి శస్త్రచికిత్సలు జరిగాక కూడా ఆటలో నిలబడి, 30 ఏళ్ల వయసులో 2024 యూఎస్ ఓపెన్ ఫైనల్ చేరారు. ఆ కష్టం పూర్తిగా ఆమెదే, కానీ అంతకాలం ఎదురుచూడగలిగే స్తోమత అందరికీ ఉండదు. అయితే 2023లో బ్యాంకు ఖాతాలో దాదాపు 900 యూరోలే మిగిలాయని చెప్పుకున్న భారత ఆటగాడు సుమిత్ నాగల్, 2024 ఫిబ్రవరిలో మన చెన్నైలోనే ఛాలెంజర్ (పెద్ద టోర్నీలకు కింది స్థాయి పోటీ) టైటిల్ గెలిచి ప్రపంచ ర్యాంకుల్లో తొలి 100 మందిలో చోటు సంపాదించారు. పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయనను బెంగళూరులోని మహేశ్ భూపతి శిక్షణ పథకం ఆదుకుంది.

అందువల్ల ముందుగా చెన్నైలోని నుంగంబాక్కంలోనూ, బెంగళూరులోనూ జరిగే జాతీయ అండర్-14 పోటీలు ఆడించండి. ప్రయాణాలకే కాక, గట్టిగా కొట్టే పిల్లల రాకెట్లలో తరచూ తెగే తీగలకు, బంతుల డబ్బాలకు, ఫిజియోకు అయ్యే ఖర్చును కూడా ఏడాదిపాటు ఒక పుస్తకంలో రాసుకోండి. అంతర్జాతీయ జూనియర్ పోటీలకు 13 ఏళ్లు నిండాలి కాబట్టి తొందరేమీ లేదు. ర్యాంకు నిలకడగా మెరుగుపడితే స్పాన్సర్లను, అమెరికా విశ్వవిద్యాలయాల టెన్నిస్ స్కాలర్‌షిప్‌లను ప్రయత్నించవచ్చు. వాటికి చదువులో మార్కులు కూడా అవసరం కనుక బడి మాత్రం మాన్పించకండి.